మిగిలిన ఇరవై నిమిషాలు

గోల్‌కీపర్‌కు ఆటలో చాలాసేపు పనేమీ ఉండదు. బంతి అవతలి సగంలో తిరుగుతున్నంతసేపూ అతడు రెండు కర్రల మధ్య నిలబడి చూస్తుంటాడు. ఆ ఖాళీలో నాతో మాట్లాడిన మనిషి ఓబులయ్య.

గిద్దలూరులో రైలు పట్టాల పక్కనున్న మైదానంలో మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు నేను ఆరేళ్లు ఆడాను. ఓబులయ్యది నల్లమల అంచున ఒక చిన్న పల్లె. ఆయన మందలో ఎనభై గొర్రెలు. ఆట ఉన్న రోజు మందను పట్టాల వెంబడి మేపుకుంటూ వచ్చి, సరిగ్గా నా గోలు వెనకనున్న గట్టు మీద చేతికర్రకు గడ్డం ఆనించి నిలబడేవాడు. హాఫ్‌టైమ్‌లో మేము చివరలు మారితే ఆయనా గొర్రెలతో సహా ఆ చివరకు మారేవాడు. మీ జట్టులో తొంభై రెండు మంది ఆడుతున్నారని రిఫరీ ఒకసారి నవ్వాడు.

"ఏంది అల్లుడా, నిలబడే నిద్రపోతాండావా?" అని గట్టు మీద నుంచి వినిపించేది.

"బంతి రాకపోతే నేనేం చేసేది మామా?"

"మా కుక్కా ఇంతే. తోడేలు వచ్చేదాకా పండుకోనుంటాది. వచ్చి పోయినాక మొరుగుతాది."

ఆయన ఏ ఆటనూ చివరిదాకా చూడలేదు. పొద్దు కొండకు ఆనగానే మందను మళ్లించేవాడు. అడవి అంచున చిరుతల భయం. దొడ్లో పిల్లలు పాలకు అరుస్తుంటాయి. ఆయనొక్కడే కాదు, మా మైదానంలో జనం చివరిదాకా ఉండరు. కొమరోలు వైపు వెళ్లే బస్సుకు కొందరు, సాయంత్రం బండికి కొందరు లేచిపోతారు. రిఫరీ చివరి విజిల్ వేసేసరికి మిగిలేది ఆటగాళ్లూ, వాళ్ల చెప్పులకు కాపలా ఉన్నవాళ్లూ.

రైల్వే గేటు పక్కన నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. ఆట జరిగిన మరునాడు పొద్దున గేటు పడితే మంద అక్కడే ఆగేది. ముందర ఒక నల్ల పొట్టేలు, మెడలో గంటతో. అది కదిలితేనే మిగతావి పట్టాలు దాటుతాయి. ఓబులయ్య నా దుకాణం మెట్టు మీద కూర్చుని, "మిగిలింది చెప్పు అల్లుడా" అనేవాడు.

ఆయన చూడని ఇరవై నిమిషాలు నేను చెప్పేవాణ్ని. మొదట్లో జరిగింది జరిగినట్టే చెప్పాను. వింటున్నప్పుడు ఆయన కళ్లు పెద్దవి కావడం గమనించాక, నేను ఆపిన ఒక బంతి రెండు బంతులైంది. అది అబద్ధమని అప్పుడు అనిపించలేదు. చూడనివాడికి చెప్పేటప్పుడు కాస్త ఉప్పు ఎక్కువ పడినా తప్పులేదనుకున్నాను. అవతలివాడి నమ్మకం మన నోటిని ఎంత దూరం తీసుకుపోతుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ ఏడాది టోర్నమెంటు ఫైనల్ మార్కాపురం జట్టుతో. మొదటి సగంలోనే మేము ఒక గోలు వేశాం. పొద్దు కొండకు ఆనేదాకా అదే నిలిచింది. వెనక గంట కదిలిన చప్పుడైంది.

"ఇంక గెలుపు మనదేలే. నేను పోతా. మిగిలింది రేపు చెప్పు."

నేను వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తాను. కాసేపటికి బస్సువాళ్లు లేచారు. లేచినవాళ్లను చూసి మరికొందరు లేచారు. వెళ్తూ వెళ్తూ మా పేర్లు పెట్టి అరిచారు. అప్పటికి మేము గెలుస్తున్నాం.

చివరి పది నిమిషాల్లో మార్కాపురం మొదటి గోలు వేసింది. అది మంచి గోలు; ఎవరు నిలబడినా ఆగేది కాదు. రెండోది అలాంటిది కాదు. దూరం నుంచి వచ్చిన మామూలు బంతి. నేరుగా నా చేతుల్లోకి వచ్చింది. ఛాతీకి తగిలి, చేతుల్లోంచి జారి, కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ గీత దాటింది. దాటడానికి దానికి చాలాసేపు పట్టినట్టనిపించింది.

అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఓడిపోయామని కాదు. ఎంతమంది చూశారన్నది. తలెత్తి చూశాను. నలభై మంది కూడా లేరు. నాకు ఊరట కలిగింది. ఓటమి కన్నా ఆ ఊరటే నన్ను ఈనాటికీ బాధిస్తోంది.

మరునాడు గేటు పడి ఉంది. ఓబులయ్య దూరం నుంచే చేతికర్ర ఎత్తాడు.

"గెలిస్తిరి గదా అల్లుడా. బస్సులో పోయినోళ్లు దావంతా చెప్పుకుంటా పోయినారంట."

లేదు అన్న ఒక్క మాట చాలు. సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. అది పోయేదాకా ఆగుదామనుకున్నాను. ఆ రొదలో ఆయన నన్నే చూస్తూ నవ్వుతున్నాడు. నేను తల ఊపాను. చివరి పెట్టె దాటేసరికి తల ఊపడం కూడా అయిపోయింది.

"మిగిలింది చెప్పు మరి."

చివరి నిమిషంలో దూరం నుంచి ఒక బంతి వచ్చిందని చెప్పాను. నేరుగా నా చేతుల్లోకే వచ్చిందని చెప్పాను. అంతవరకూ నిజమే. పట్టుకున్నానని చెప్పాను.

ఆయన తొడ చరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేనొకటి మొక్కినా అల్లుడా. మీ సాయిబుల దేవునికే, కొండ కింద దర్గాలో. మీరు గెలిస్తే కర్రె పొట్టేల్ని కందూరు చేస్తానని. వచ్చే బేస్తవారం పెట్టుకున్నా. మీరంతా రావాల" అన్నాడు.

కందూరు మా ప్రాంతంలో అందరూ ఎరిగిన మొక్కుబడి. దర్గా దగ్గర పొట్టేల్ని కోసి, వండి, ఫాతిహా ప్రార్థన చదివించి, వచ్చినవాళ్లందరికీ పెడతారు. కర్రె పొట్టేలంటే మంద ముందర నడిచే ఆ నల్లదే. తల్లి చచ్చిపోతే ఓబులయ్య భార్య మస్తానమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది.

"అదెందుకు మామా? ఇంకోదాన్ని చెయ్యి."

"నోటితో అన్నది దాన్నే. అన్నాక ఇంకోదాన్ని ఎట్ల ఇస్తా?"

గేటు లేచింది. పొట్టేలు గంట మోగించుకుంటూ ముందుకు కదిలింది. దాని వెనక మంద, మంద వెనక ఆయన.

ఆ సాయంత్రం మా కెప్టెన్ గోవర్ధన్‌కు సంగతి చెప్పాను.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా అన్నా."

"ఎప్పుడు?"

"బేస్తవారం లోపల."

"గొంతు తెగినాక చెప్పినా, చెప్పకపోయినా ఒకటే రా అల్తాఫ్."

మాటలు సిద్ధం చేసుకున్నాను. మొదటి రోజు గేటు తెరిచే ఉంది; మంద ఆగకుండా దాటిపోయింది. రెండో రోజు మస్తానమ్మ కూడా వెంట వచ్చింది. కొంగు ముడి విప్పి పొట్టేలు నోటికి బెల్లం ముక్క అందిస్తూ, "పోయేదానికి నోరు తీపి చేసి పంపుతాండా నాయనా" అంది. నేను దుకాణంలోకి వెళ్లిపోయాను. మూడో రోజు నేను దుకాణం ఆలస్యంగా తెరిచాను. మంద వెళ్లిపోయే వేళ నాకు తెలుసు. తెలిసే ఆలస్యం చేశాను.

మా నాన్న అబ్బాస్ అలీ దర్జీ. చుట్టుపక్కల పల్లెల్లో కందూరు చేసేవాళ్లు పొట్టేల్ని హలాల్ చేయడానికీ, ఫాతిహా చదవడానికీ ఆయన్నే పిలుస్తారు; తోడుగా నేనూ వెళ్లేవాణ్ని. ఆటల మీద ఆయనకు ఆసక్తి లేదు. ఫైనల్ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ గురువారం దర్గాకు జట్టులో ఆరుగురే వచ్చారు. గోవర్ధన్ రాలేదు. వచ్చినవాళ్లు నా ముఖం చూడకుండా వేపచెట్టు కింద కూర్చున్నారు.

నాన్న కత్తి కడిగి పక్కన పెట్టి, "మొక్కు దేనికో చెప్పు ఓబులయ్యా. చెప్పుకుంటేనే చదివేది" అన్నాడు.

"పిలకాయలు గెలవాలని మొక్కినా సాయిబూ. గెలిచినారు."

నాన్న నా వైపు తిరిగాడు. "గెలిచినారా?"

ఊరంతటిలో ఆ క్షణాన ఆ ప్రశ్నకు జవాబు తెలిసి, చెప్పవలసినవాణ్ని నేనొక్కణ్నే. "ఆ" అన్నాను.

"ఇంట్లో చెప్పనేలేదే" అంటూ నాన్న నా భుజం తట్టాడు. సంతోషపడ్డాడు. నా ఆట గురించి ఆయన సంతోషపడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

పొట్టేల్ని పడుకోబెట్టారు. ఎవరో కాళ్లు పట్టుకోబోతే ఓబులయ్య వాళ్లను పక్కకు జరగమన్నాడు.

"నువ్వు పట్టు అల్లుడా. నీ చేతుల్లో పడింది యాడికీ పోదు."

వేపచెట్టు కింద ఎవరో దగ్గారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ముందు కాళ్లు పట్టుకున్నాను. రెండేళ్లు నా గోలు వెనక మేసిన జీవం అది. నా వాసన ఎరిగినదే కాబోలు, పెద్దగా పెనుగులాడలేదు. గంట అప్పటికే విప్పేశారు. నాన్న పెదవులు కదిలాయి. నేను గట్టిగా పట్టుకున్నాను. అది కదలడం ఆగిపోయాక కూడా కాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం ఓబులయ్య నాకు తనే వడ్డించాడు. తిన్నాను. రుచి తెలియలేదని చెప్పుకోవడం సులువు. తెలిసింది.

తర్వాత ఏడాది దాదాపుగా ఏమీ జరగలేదు. ఓడిన ఆట ఊసు ఎవరూ ఎత్తలేదు; ఓబులయ్య పల్లెదాకా అది పోలేదు. గేటు పడేది, లేచేది. కొత్త టోర్నమెంటు దగ్గర పడింది. ఒక పొద్దున ఓబులయ్య దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

"ఈసారి మందను మస్తానమ్మకు అప్పజెప్తా అల్లుడా. కడదాకా ఉంటా."

"ఎందుకు మామా, చీకటి పడతాది గదా."

"పడనీలే. పోయినేడు నువ్వు ఆ బంతి పట్టినప్పుడు నేను యాడున్నా? వాగు కాడ, గొర్రెల ఎనకాల. ఏడాది నుంచి అదే గుర్తొస్తాది. ఇంకో గడియ నిలబడింటే చూసుందును. ముందరే లేచి పోతినే అని."

ఆయన లేచిపోయినందుకు నేనేనాడూ ఆయన్ను తప్పుపట్టలేదు. నిజానికి ఆయన లేచిపోవడమే నాకు ఆసరా అయింది. ఇప్పుడు ఆయన తనను తాను తప్పుపట్టుకుంటున్నాడు, జరగనిదాన్ని చూడలేకపోయినందుకు. చివరిదాకా ఉన్నవాణ్ని నేను. చూసినవాణ్ని నేను. పశ్చాత్తాపం మాత్రం ఆయనకు అంటగట్టాను. దీన్ని ఇక ఆయన్ను మోయనివ్వకూడదనిపించింది. ఏడాది కిందట ఒక్క మాటతో పోయేది, ఇప్పుడు ఎన్ని మాటలకూ పోదని కూడా తెలుసు.

"ఆ బంతి నేను పట్టలేదు మామా."

ఆయన చెవి దగ్గర పెట్టాడు, వినపడనట్టు.

"జారిపోయింది. గోలయింది. దానికి ముందు ఇంకోటి కూడా వేసినారు. మేము ఓడిపోయినాం."

ఆయన పట్టాల వైపు చూశాడు. బండి ఇంకా రాలేదు.

"చేతుల్లోంచే జారిందా?"

"చేతుల్లోంచే."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలీదు. నేను చెప్పలా."

"ఆ పొద్దు వచ్చిన పిలకాయలకు?"

"వాళ్లకు తెలుసు."

"తెలిసే తిన్యారు."

ఆయన చేతికర్ర తీసుకుని లేచాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పొట్టేల్ని మాత్రం గట్టిగానే పట్టుకుంటివి" అన్నాడు.

ఆ సాయంత్రమే నాన్నకు చెప్పాను. కుట్టుమిషన్ ఆగింది. చేతిలోని చొక్కాను మడిచి పక్కన పెట్టి, "చదివిన ఫాతిహాను వెనక్కి తీసుకునే పద్ధతి నాకెవరూ నేర్పలేదు" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటి నుంచి కందూరులకు ఒక్కడే వెళ్తున్నాడు.

టోర్నమెంటు మొదటి ఆటకు ఓబులయ్య వచ్చాడు. మందను మస్తానమ్మకు అప్పజెప్పలేదు, వెంటే తెచ్చుకున్నాడు. నా గోలు వెనకకు రాలేదు. మైదానం నడిమి గీతకు ఎదురుగా, పట్టాల వైపు నిలబడ్డాడు. హాఫ్‌టైమ్‌లో చివరలు మారలేదు. పొద్దు కొండకు ఆనగానే వెళ్లిపోయాడు. తర్వాత బస్సువాళ్లు లేచారు. చివరి నిమిషంలో నా ఎడమ పక్కకు ఒక బంతి దూసుకొచ్చింది. దూకి పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను. మేము గెలిచాం. చూసినవాళ్లు పాతికమంది ఉంటారేమో.

మరునాడు పొద్దున గేటు పడింది. మంద ఆగింది. నేను దుకాణంలోంచి బయటికి వచ్చి మెట్టు పక్కన నిలబడ్డాను. ఓబులయ్య కూర్చోలేదు.

"మీ నాయన మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

"కొంచెం తగ్గింది మామా."

"తైలం పూసి కాపడం పెట్టమను."

"చెప్తా."

బండి వచ్చి వెళ్లింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అడిగితే ఈసారి ఒక్క మాట కూడా చేర్చకుండా చెప్పగలను. ఆయన అడగలేదు.

గేటు లేచింది. నల్ల పొట్టేలు పోయినప్పటి నుంచీ ఇంతే, గొర్రెలు కదల్లేదు. పట్టాల ముందర ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ ఆగిపోయాయి. ఓబులయ్య వాటిని చుట్టి ముందుకు వచ్చి, వెనక్కి చూడకుండా, నోటితో పిలుచుకుంటూ తానే పట్టాలు దాటాడు. ఒకటొకటిగా అవి ఆయన వెనక నడిచాయి.