చెవిలో గజ్జెలు

"ఏయ్ చెవిటిదానా! కూర మాడుతున్నది, ముక్కు గూడ పోయిందా?"

మా ఆయన వైకుంఠం ముఖంలో ముఖం పెట్టి అన్నాడు కాబట్టి తెలిసింది. నాకు సగం మాటే వినబడుతుంది, మిగతా సగం పెదవుల్ని చూసి పోల్చుకుంటాను. తిట్లు మాత్రం పూర్తిగా అందుతాయి. వాటికోసం ఈ ఇంట్లో అందరూ ఎదురుగా వచ్చి మరీ నోరు తెరుస్తారు.

లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందరి గదే ఆయన ఇత్తడి గిన్నెల కార్ఖానా. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ సుత్తె దెబ్బల పక్కనే వండాను, పిల్లల్ని కన్నాను, జోకొట్టాను. పండుగ గిరాకీ ఎక్కువైతే నేనూ సుత్తె పట్టాను. కూలి అడిగితే "ఇంటి పనికి కూలేంది?" అని నవ్వాడు. ఆ మోతకి చెవులు పోయాయి. పోయి ఊరుకున్నా బాగుండేది, లోపల హోరు మిగిలింది. పగలూ రాత్రీ గణగణమంటూనే ఉంటుంది. డాక్టరుకు చూపించమంటే, "ముసల్దానివి, ఇని ఏంజేస్తవ్? పని జేసేది చెవులతోనా?" అన్నాడు. తనకు పన్ను నొప్పి వస్తే మాత్రం ఆ పూటే రిక్షా కట్టించుకుని వెళ్లాడు.

ఆషాఢంలో ఒకరోజు మా ఆడబిడ్డ కాశమ్మతో, "చెవుల్ల గజ్జెలు మోగినట్టుంటది వదినా" అన్నాను.

కాశమ్మ చేతిలో చాట వదిలేసి దండం పెట్టింది. "గజ్జెలా! అమ్మ వచ్చిందే నీ మీదికి!"

గల్లీ అంతా పాకింది. వైకుంఠం మొదట నవ్వాడు. మొక్కడానికి వచ్చినవాళ్లు పోతూ పోతూ గిన్నెలు కొనడం చూశాక నవ్వు మానేశాడు. నాకు పసుపు పూసి, కార్ఖానా అరుగు మీద పీట వేసి కూర్చోబెట్టాడు. మంగళవారం మంగళవారం అందరి ముందూ నా కాళ్లకు మొక్కుతాడు, లోపలికి రాగానే చాయ్ ఏదని అదే నోటితో తిడతాడు. ఎవరేం అడిగినా నా తరఫున జవాబు ఆయనదే, "అమ్మ గిట్లంటున్నది" అని. నాకు ఒళ్లు మండేది. వచ్చే మంగళవారం అందరి ముందూ చెప్పేస్తాను, ఇది అమ్మ కాదు, నీ సుత్తె పెట్టిన రోగం అని. అలా తీర్మానించుకున్నాకే మనసు కాస్త కుదుటపడింది.

ఆ మంగళవారం పూలమ్మే సక్కుబాయి, కూతురు రాజమణిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతి నిండా వాతలు. కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

సక్కుబాయి నా చెవిలో అరిచింది. "అల్లుడు కాల్చిండు తల్లీ. అయినా తోలియ్యమని కులపెద్దలంటున్నరు. తోలియ్యాల్నా?"

నేను వైకుంఠం పెదవుల వైపు చూశాను. "తోలియ్యమంటున్నది అమ్మ. ఆడిపిల్ల అత్తగారింట్ల ఉంటేనే ఇజ్జత్."

సక్కుబాయి కళ్లు తుడుచుకుని కూతురి చెయ్యి పట్టి లేచింది. రాజమణి నన్నే చూస్తోంది. ఇప్పుడు నిజం చెప్పవచ్చు. చెబితే ఏమవుతుంది? ఇది ఉత్త హోరు అని తేలుతుంది, నేను మళ్లీ చెవిటిదాన్నవుతాను, ఈ పిల్ల ఆ కొరివి దగ్గరికే పోతుంది. చెవిటి నాగమణమ్మ పంపొద్దంటే ఈ గల్లీలో కుక్క కూడా ఆగదు. నా మాటకు విలువ లేదని నాకు బాగా తెలుసు. పీట మీంచి లేచి నిలబడ్డాను.

"తోలియ్యొద్దు!"

నా గొంతు నాకు వినబడలేదు. అందరూ ఉలిక్కిపడ్డారు కాబట్టి గట్టిగానే అరిచి ఉంటాను.

"ఈ పిల్ల నాది. దీన్ని తోలిచ్చినోళ్ల ఇంట్ల దీపం పెట్టనియ్య. కాదన్నోళ్లు ముందటికి రాండి!"

వైకుంఠం ముఖం మాడిపోయింది. ఇన్నాళ్లూ నా కాళ్లు మొక్కింది అందరూ చూశారు, ఇప్పుడు కాదని ఏమంటాడు? ముందు కాశమ్మ సాగిలపడింది, ఆ తర్వాత గత్యంతరం లేక ఆయనా పడ్డాడు. వచ్చే మంగళవారం ఇంకా ఏ ఏ ఇళ్ల ఆడపిల్లల్ని పిలిపించాలా అని ఆలోచిస్తూ, ఆయన నెత్తిన పసుపు చల్లాను.