తీతుని అడగండి సార్

నేను ఒక డస్టర్ని. రాజమండ్రిలో ఒక వడ్రంగి మామిడి చెక్కకి దళసరి గుడ్డ అంటించి నన్ను తయారుచేశాడు. కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీకి వచ్చి పడ్డాను. మొదట లెక్కల మాస్టారి చేతిలో బోర్డు తుడిచిన దానికంటే కుర్రాళ్ళ వీపుల మీద వాలిందే ఎక్కువ. తర్వాత వృక్షశాస్త్రం మేడంగారు నన్ను కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడారు. చివరికి చరిత్ర చెప్పే అవధానులు మాస్టారికి దక్కాను.

ఆయన కళ్ళజోడు ఎప్పుడూ జేబులోనే ఉండేది. తల దించుకుని హాజరు పిలిచేవారు. గొంతు వినబడితే చాలు, మనిషి ఉన్నట్టే. వీరబాబు అనే కుర్రాడు రకరకాల గొంతులతో పలికి, సినిమాకి పోయిన వాళ్ళందర్నీ క్లాసులో కూర్చోబెట్టేవాడు.

అదే క్లాసులో తీతు ఉండేవాడు. వేసవిలో చర్చి యువజన కూటాలకి వెళ్ళొచ్చాడు. మీ తరగతి గదిలోనే ప్రభువుకి సాక్షులుగా బతకండని అక్కడి పాస్టరుగారు చెప్పారట. వాడు వెంటనే పనిలో దిగాడు. రోజూ పొద్దున్నే బోర్డు మీద ఒక బైబిలు వాక్యం రాసేవాడు. అవధానులుగారు అది చదివి, అక్షరదోషం దిద్ది, ఆ తర్వాతే నా చేత తుడిపించేవారు. విరామంలో తీతు నోరు విప్పితే గది ఖాళీ అయ్యేది. కాళ్ళుంటే నేనూ లేచి పోయేదాన్నే.

"వినేవాడు ఒక్కడూ లేడు ప్రభువా" అని ఖాళీ బెంచీల మధ్య ప్రార్థించుకునేవాడు. నేనున్నానని చెప్పే వీలు నాకు లేకపోయింది.

ఒకరోజు తీతు క్లాసు ఎగ్గొట్టి రావులపాలెంలో వాలీబాల్ ఆడటానికి పోయాడు. వీరబాబు అడక్కుండానే వాడికీ పలికేశాడు. మర్నాడు హాజరు మొదలవగానే తీతు లేచి నిలబడ్డాడు.

"సార్, నిన్న నేను రాలేదండి."

"వచ్చావయ్యా. పలికావు కదా."

"అది నా గొంతు కాదండి."

"మరెవరిది?"

"అది అడక్కండి. నా సంగతి మటుకు చెప్తున్నాను."

అవధానులుగారు చాలాకాలానికి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. సగం బెంచీలు ఖాళీ. "మరి ఇన్నాళ్ళూ మొగలాయిల సంగతి నేనెవరికి చెప్పానయ్యా" అన్నారు దిగులుగా.

ఆ రోజు నుంచి అందరూ క్లాసుకి రావాల్సి వచ్చింది. అందరూ తీతుతో మాటలు మానేశారు. వీరబాబు అయితే మొహం మీదే అడిగేశాడు.

"మేలు చేస్తే ఇదేంట్రా?"

"నీ పేరు చెప్పలేదు కదరా."

"చెప్పలేదు. కళ్ళజోడు పెట్టించావు."

తీతు బోర్డు మీద రాయడం మానేశాడు. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చునేవాడు. అంతకుముందు జ్వరంతో మంచం పట్టినప్పుడు పోయిన హాజరుకి వాలీబాల్ రోజు కూడా తోడై, పరీక్షకి కూర్చోవాలంటే అవధానులుగారు సిఫారసు చేస్తే తప్ప వీలు కాని స్థితి వచ్చింది.

వర్షాలు తగ్గాక ఒక మధ్యాహ్నం, పానిపట్టు యుద్ధం మంచి పట్టులో ఉండగా కిటికీ మీద కాకి ఒకటి వాలి అరవసాగింది. అవధానులుగారు ఓర్చుకుని ఓర్చుకుని నన్ను విసిరారు. కాకి ఎగిరిపోయింది. నేను కిటికీలోంచి దూసుకెళ్ళి కింద ఉన్న ప్రిన్సిపాలుగారి స్కూటరు అద్దం మీద పడ్డాను. అద్దం పగిలింది. నా చెక్క చీలింది.

ప్రిన్సిపాలుగారు నన్ను పట్టుకుని రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. "ఏ వెధవ విసిరాడు దీన్ని?"

ఆ మాట విన్నాక విసిరింది తనేనని ఒప్పుకోవడం అవధానులుగారికి కష్టమైంది. బోర్డు వైపు తిరిగి ఉత్త చేత్తో తుడవసాగారు. క్లాసంతా తల దించుకుంది.

అల్లరంటే ప్రిన్సిపాలుగారికి గుర్తొచ్చే పేరొకటే. "వీరబాబూ, నువ్వే కదూ. రేపే టీసీ ఇచ్చి పంపిస్తాను."

అన్ని గొంతులూ వచ్చిన వీరబాబు ఆ పూట సొంత గొంతే వాడాడు. "తీతుని అడగండి సార్. వాడికీ నాకూ మాటల్లేవు. అయినా వాడు అబద్ధమాడడు."

తీతు లేచాడు. "వీరబాబు కాదండి."

"మరెవరు?"

తీతు అవధానులుగారి వైపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. మీరే చెప్పేస్తే బాగుండునని బతిమాలుతున్నట్టుంది. పెదవులు తడుపుకుని, "చూశానండి..." అని మొదలుపెట్టాడు.

"ఆగవయ్యా" అన్నారు అవధానులుగారు. తర్వాత ప్రిన్సిపాలుగారి వైపు తిరిగారు. "ఆ వెధవ నేనేనండి."

ప్రిన్సిపాలుగారు నన్ను మర్యాదగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. వీరబాబు లేచి చివరి బెంచీ దగ్గరికి వెళ్ళాడు. "జరుగు" అన్నాడు. తీతు జరిగాడు. అవధానులుగారు ఆ సాయంత్రమే సిఫారసు రాశారు.

చీలిన చెక్కతో నేను బోర్డుకి పనికిరాలేదు. అటెండరు నన్ను స్టాఫ్ రూములో ఊగే టేబుల్ కాలి కింద దోపాడు. ఈస్టరు మర్నాడు అక్కడికి తీతు స్టీలు డబ్బా పట్టుకుని వచ్చాడు.

"మా అమ్మ పంపిందండి. పాయసం. మాంసం వండని గిన్నెలో మీకని విడిగా కాచింది."

అవధానులుగారు మూత తీసి, కాసేపు చూసి, చెంచా అందుకున్నారు. "నన్ను చర్చికి పిలుస్తావేమో అనుకున్నానయ్యా."

"పిలిస్తే వస్తారాండి?"

"రాను."

"తెలుసండి. అయినా పిలుద్దామనే వచ్చాను."

ఆయనకి నవ్వొచ్చింది. చెంచా వణికి పాయసం చుక్క ఒకటి టేబుల్ కాలి మీదుగా జారి నా దాకా వచ్చింది. సుద్ద తప్ప ఇంకేదీ రుచి చూడని బతుకు నాది. తియ్యగా ఉంది.