కంటికొలత బూట్లు

ఈ ఊళ్ళో తన చేతికి తెలియని పాదం లేదు, టేపు పట్టేవాడు కూడా ఒక చెప్పులు కుట్టేవాడేనా, కంటిచూపు చాలదూ, ఓసారి బురదలో ఎవరిదో అడుగుజాడ చూసి ఆ మనిషికి ఇంకా పుట్టని మనవడికి బూట్లు కుట్టి పెట్టాడు, అతికినట్టు సరిపోయాయి, అలాంటివాడికి ఈ ఒక్క పాదం ముందు చేతులెందుకు ఆడవు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఎదురుగా బేసిన్, భుజాన తువ్వాలు, రొట్టె విరిచే ముందు ఒకరి కాళ్ళొకరు కడగడం ఈ చర్చిలో పద్ధతి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళవే, ఏరుకోవడం కుదరదు, తను ఆలస్యంగా వచ్చాడు, మిగిలింది ఒకే చోటు, దాని ఎదుట కుర్చీలో తమ్ముడు.

నాన్న పోయాక దుకాణం ఎవరిదన్న మాట మీద తెగిపోయిన తమ్ముడు, వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునే తమ్ముడు, ముందు తిప్పుకున్నది తనేనేమో, ఇప్పుడు లేచి వెళ్ళిపోతే ఇక ఈ బతుక్కి తమ్ముడు లేనట్టే, వెనక బెంచీలోంచి భార్య, అది కాలేగదయ్యా, కరవదు, అని గొణిగింది, పాస్టరుగారు వంగి, కానివ్వు పెద్దాయనా, నీళ్ళు చల్లారిపోతున్నాయి, ప్రభువు ప్రేమించమన్నాడు గాని ముందు బేరీజు వేసుకోమనలేదు, అన్నారు.

మేజోడు లాగాడు, బొటనవేలి పక్క వేలు వంకర తిరిగి బొటనవేలి మీదికెక్కి కూర్చుంది, కాయకాచి నల్లబడింది, చిన్నప్పుడు లేదే ఇది, ఈ కాళ్ళకేగా తను అప్పుడు ఆటగా తడి ఇసుకతో బూట్లు కట్టింది, ఇరుకు బూట్లు చేసిన పని ఇది, ఏ చేతకాని వెధవ కుట్టాడో, అనుకుంటూ పక్కన విప్పి పెట్టిన జోడు చూశాడు, మడమ దగ్గర ఆ ఎదురు కుట్టు, తనదే, తమ్ముడి పెళ్ళికి కొలతెందుకురా అని కుట్టిచ్చిన జోడు, అరిగిన అడుగులు మార్పించుకుంటూ ఇంకా అదే తొడుగుతున్నాడు, మాటలు ఆగిపోయాక కూడా అదేనా, ఒరేయ్, ఇరుకని చెప్పొచ్చుగా, చెబితే నువ్వు చిన్నబోతావు కదన్నయ్యా, వేలిదేముందిలే, సర్దుకుంది.

తెలియని పాదం లేదట, ఒకే పక్కలో పడుకుని పెరిగిన పాదమే తెలియలేదు, ఆ మాటకొస్తే మనవడి బూట్లూ వదులే, లోపల దూది కుక్కారు, నవ్వొచ్చింది, ప్రేమంటే ఎక్కడో పైన, పాటల్లో ఉంటుందనుకున్నాడు, అది ఇన్నాళ్ళూ తన తప్పులో కాలు పెట్టుకుని, నొచ్చుకుంటూ, తన వీధిలోనే నడిచింది, తను మొహం తిప్పుకున్న రోజున కూడా, రెండు చేతులా ఆ పాదాన్ని నీళ్ళలోకి తీసుకున్నాడు, ఆ క్షణాన ఎవరూ తాడు లాగకుండానే పైన గంట మోగింది, ప్రేమించమన్నారే, ఆ ప్రేమ తను కొత్తగా పుట్టించుకోవాల్సింది కాదు, తనకు ఇదివరకే అందుతున్నది, అంతే, అంతే.

గంట మాత్రం ఈ కథ చెబుతున్న నేనే మోగించాను, అంతటి గడియలో మోగకపోతే ఏం బాగుంటుందని. నిజంగా వినిపించింది తమ్ముడి గొంతే, లే అన్నయ్యా, ఇక నీ కాళ్ళిటివ్వు.