రంగు కార్డుల వరుస

క్లినిక్ తలుపులు తీసి, నేల తుడిచి, డ్రైవర్లు వరండాలో పారేసిపోయిన సిగరెట్ పీకలు ఏరేశాక, తుర్యాతి రంగు కార్డుల డబ్బా మూత తీసింది. ఒకప్పుడవి పుస్తకంగా ఉండేవి. కుట్టు ఊడి పేజీలు చెల్లాచెదరైనప్పుడు ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాత బిస్కెట్ల డబ్బాలో వరుసగా సర్దింది తనే. వేళ్ల జిడ్డు పోవాలంటే రెండు రోజులకోసారి తడిగుడ్డతో తుడవాలి. తుడవమని ఎవరూ చెప్పలేదు. చెప్పలేదు కనక అది జీతంలోనూ లేదు.

బ్రెబెస్‌లో సముద్రం వారగా పోయే పెద్ద రోడ్డు మీద లారీ నడిపేవాళ్లు ఐదేళ్లకోసారి లైసెన్సు కొత్తది చేయించుకోవాలి. దానికి ముందు డాక్టరు చేత ఆరోగ్యపత్రం రాయించుకోవాలి. గడువు ఒక్క రోజు దాటినా మళ్లీ మొదటినుంచి పరీక్షలన్నీ పాసవ్వాల్సిందే. తుర్యాతి మొగుడు కస్నాది గడువు రేపటితో అయిపోతుంది. ఇవాళ పదింటికి వస్తానన్నాడు.

కార్డు మీద రంగురంగుల చుక్కలుంటాయి, వాటి మధ్య దాగిన అంకె కనిపెట్టాలి. ఒక్క కార్డులో మాత్రం అంకె ఉండదు, అక్కడ ఖాళీ అనాలి. కస్నాదికి చుక్కలు తప్ప అంకె కనిపించదు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కంటికి ఒకటే, పసుపూ వాటిలో కలిసిపోతుంది. పదిహేనేళ్ల కిందట ఆ సంగతి తెలిసిన రోజు అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని, "మొగుడి లోపం నీ కడుపులో దాచుకోవాలమ్మా, బజార్న పెట్టకూడదు" అంది. క్లినిక్‌లోనే పనిచేస్తున్న పెళ్లాం ఉండగా బెంగ దేనికి? తుర్యాతి కార్డుల వరుస బట్టీపట్టి ఆయనకు నేర్పింది. ఐదేళ్లకోసారి, గడువుకు వారం ముందు, తుర్యాతి చాప మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుంటే ఆయన ఆమె ఒళ్లో కాళ్లు పెట్టుకుని వల్లెవేసేవాడు. పదిహేను, ఆరు, డెబ్బై మూడు, నలభై రెండు, ఖాళీ, తొమ్మిది. "ఆగండి, ముందు ఖాళీ, ఆ తర్వాతే తొమ్మిది" అంటే, "తెలుసులేవే. నేల తుడిచేదానివి, నాకు పాఠాలా" అనేవాడు. పత్రం చేతికొచ్చాక టీ కొట్టు దగ్గర నలుగురితో, "నావి గద్ద కళ్లురా" అని చెప్పుకునేవాడు. తుర్యాతి పక్కనుంచే నడిచి వెళ్లేది. ఒళ్లు మండేది, కానీ ఆ మంటని ఇంటికి తీసుకెళ్లి పొయ్యి ముందు కూర్చుని మర్చిపోయేది.

రెండు నెలల కిందటి సాయంత్రాన్ని మాత్రం మర్చిపోలేకపోతోంది. ఆ రోజు చెల్లెలింటికి వెళ్లడానికి ఆయన లారీలో పక్కన కూర్చుంది. మూడు దీపాలున్న కూడలిలో కస్నాదికి ఇబ్బంది లేదు, పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే పోవాలి. ఉప్పుమళ్ల మలుపులో మాత్రం ఒక్కో వైపుకీ ఒంటి దీపమే మిణుకుతూ ఉంటుంది. పసుపు మిణికితే చూసుకుని పోవాలి, ఎరుపు మిణికితే ఆగాలి. ఒక వైపు పసుపైతే అడ్డంగా వచ్చేవాళ్లకి ఎరుపు. ఒంటి దీపానికి పైనా కిందా ఎక్కడినుంచి వస్తాయి? "ఎరుపండీ, ఆపండి" అంది. "పసుపే. గోల చెయ్యకు" అన్నాడు. మళ్లీ అరిచేలోగా ఉప్పులో ఊరేసిన బాతుగుడ్ల బుట్టలు కట్టుకుని ఒకావిడ నడుపుతున్న మోటార్ సైకిలు చక్రాల కిందికి వచ్చేసింది. రోడ్డంతా గుడ్ల పెంకులు. ఇంటికొచ్చాక కస్నాది ఒకటే మాటన్నాడు. "నువ్వు చెవి దగ్గర అరవబట్టే నా చెయ్యి తడబడింది. ఇంకోసారి లారీ ఎక్కితే నోరు మూసుకుని కూర్చో." పోలీసులతో మాత్రం ఆ ఆడమనిషే చూసుకోకుండా వచ్చి పడిందన్నాడు. వాళ్లూ అలాగే రాసుకున్నారు. తుర్యాతిని ఎవరూ ఏమీ అడగలేదు, తనంతట తాను చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

గుడ్లమ్మే ఆ మనిషి పేరు దార్మి. మోకాలి కింద కాలు తీసేశారు. తుర్యాతి ఎవరికీ చెప్పకుండా గంజి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. దార్మి ఆమెను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నా వైపు పసుపే మిణికిందక్కా. నాకలాగే కనిపించింది. అందరూ నా కళ్లే సరిగా లేవంటున్నారు. నిజంగా నేనే తప్పు చూశానా?" అని అడిగింది. లారీలో పక్కన కూర్చున్నది తనేనని కూడా తుర్యాతి చెప్పలేకపోయింది. గంజి గిన్నె అక్కడే వదిలేసి వచ్చేసింది. అప్పట్నుంచి అన్నం ముందు కూర్చుంటే ఆ ప్రశ్నే గుర్తొస్తోంది.

నిన్న సాయంత్రం కస్నాది వల్లెవేయడం ముగించి, "అదే వరుస కదే?" అన్నాడు. "అదే" అంది. అప్పటికి అది నిజమే.

ఇప్పుడు తుడిచిన కార్డులన్నీ బల్ల మీద ఆరుతున్నాయి. పదిహేనుతో మొదలుపెట్టి తీసుకోవడం ఆమె చేతికి అలవాటు. చెయ్యి దానిదాకా వెళ్లి ఆగింది. భయమేసింది. పత్రం రాకపోతే ఆయన ఇంట్లో కూర్చుంటాడు. తన చిన్న జీతం మీద ఇల్లు నడవాలి, పైగా తినే ప్రతి ముద్దకీ ఆయనతో, అత్తతో మాటలు పడాలి. వస్తే ఇంకో ఐదేళ్లు ఆ మలుపులో తిరుగుతాడు. ఆ ఐదేళ్లూ తను నేర్పిన అంకెల మీదే ఆ లారీ నడుస్తుంది. తుర్యాతి చేతికి ఏది అందితే అది తీసి, వరుస చూడకుండా డబ్బాలో వేసి మూత పెట్టింది. ఏదీ పాడుచెయ్యలేదు. జీతంలో లేని పని ఒకటి ఆ పూటకి మానేసింది, అంతే.

కస్నాది తల దువ్వుకుని పదింటికి వచ్చాడు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ లిస్తియా బరువు చూసింది, రక్తపోటు చూసింది, గోడ మీది అక్షరాలు చదివించింది. తర్వాత డబ్బా తెరిచి మొదటి కార్డు ఎత్తి పట్టుకుంది.

"పదిహేను" అన్నాడు కస్నాది.

"సరిగా చూసి చెప్పండి."

"పదిహేనే డాక్టరమ్మా."

కార్డు మీద తొమ్మిది ఉంది. ఆవిడ రెండోది ఎత్తింది. దాని మీద అంకే లేదు. "ఆరు" అన్నాడు. ఆవిడ చెయ్యి మూడో కార్డు కోసం ఇంకా డబ్బాలోనే ఉంది. "డెబ్బై మూడు" అనేశాడు.

"నేనింకా కార్డు తియ్యలేదండీ."

కస్నాది మెడ తిప్పి గుమ్మం వైపు చూశాడు. బకెట్ పట్టుకుని తుర్యాతి అక్కడే ఉంది. అంకె అందించమని ఆయన కళ్లు అడుగుతున్నాయి. ఆయన చెప్పినట్టే ఆమె నోరు మూసుకుని నిలబడింది.

"ఈ అంకెలు మీకెవరు నేర్పారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఇదిగో, ఇదే" అన్నాడు కస్నాది వేలు చూపించి. "మొదట్నుంచీ అంతా దీని పనే."

పదిహేనేళ్లలో ఆయన నలుగురి ముందు ఆమె పనిని ఒప్పుకోవడం అదే మొదటిసారి. తుర్యాతికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బకెట్ కింద పెట్టి లోపలికి వచ్చింది.

"అవునమ్మా, నేనే నేర్పాను. ఉప్పుమళ్ల మలుపులో కాలు పోయిన మనిషి కళ్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు ఈయన లారీలో పక్కన కూర్చున్నది నేనే. మా వైపు దీపం ఎర్రగానే ఉంది. ఈ మాట ఎక్కడ చెప్పాలో చూపించండి, వెళ్లి చెప్తాను."