పదకొండు మెట్ల పక్కన

సైఫుల్లా సైకిల్ దిగి, చట్రం కింద భుజం పెట్టి పైకి లేపాడు. హ్యాండిల్‌కి తగిలించిన తాపీ సంచి ఊగి మోకాలికి కొట్టుకుంది. ఏడో మెట్టు మీద ఊపిరందక ఆగాడు. వెనక బంగార్రాజు, చేపలబుట్ట కట్టిన తన సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు.

“నిదానంగా ఎక్కు మావయ్యా. నా చేపలేం ఈదుకుంటూ పోవులే.”

కాలవ మీద వాలుగా ఉండే పాత చెక్కవంతెన ఉప్పెనలో కొట్టుకుపోయింది. పంచాయతీ వాళ్ళు సిమెంటు వంతెన కట్టించారు. బజారూ ఆసుపత్రీ ఉన్న అవతలిగట్టు ఎత్తు. అందుకని ఇవతల పదకొండు మెట్లు. ఆ మెట్లు కట్టింది పంచాయతీ తాపీమేస్త్రీ సైఫుల్లాయే. కట్టిన రోజునుంచీ పక్కన చిన్న వాలు పోయమని అడుగుతూనే ఉన్నాడు.

ఆ వేళ పంచాయతీ మీటింగు. ప్రెసిడెంటు గోవర్ధనరావు చెడ్డవాడేం కాదు. ఉప్పెన రోజుల్లో తన గాదె తెరిచి ఊరందరికీ వండించి పెట్టాడు. కానీ గుమ్మంలో సైఫుల్లా కనబడగానే మొహం చిట్లించాడు.

“మళ్ళీ అదేనా? రేపు సర్కారుని కార్లు పోయే వంతెన అడగబోతున్నాం. సైకిళ్ళకి దారేసుకుని కూర్చుంటే మనకది ఎవడిస్తాడయ్యా? దిగి మోసుకుంటే అరిగిపోతారా?”

“అరిగిపోరండి. జానెడు వాలు చాలండి. చక్రం దొర్లించుకుంటారు.”

“వద్దన్నానా!”

సైఫుల్లా తలొంచుకుని బయటికొచ్చాడు. అసలు సంగతి ఈసారీ చెప్పలేదు. పోయిన వేసవిలో జ్వరంతో మండిపోతున్న భార్య నూర్ బీని క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. మెట్ల దగ్గర దింపాల్సొచ్చింది. ఆమె రెండు చేతులూ మెట్లమీద ఆనించి, పాకుతూ ఎక్కింది. ఆసుపత్రి నుంచి మళ్ళీ ఇంటికి రాలేదు.

గుమాస్తా పిచ్చేశ్వరరావు వరండాలోకి వచ్చి మెల్లగా అన్నాడు.

“మురుక్కాలవ పనిలో మిగిలిన రెండు సిమెంటు బస్తాలు గడ్డకట్టేలా ఉన్నాయి. పారేయిస్తావో ఏం చేస్తావో, నన్నడగకు.”

మధ్యాహ్నం ఎండలో సైఫుల్లా మెట్ల అంచున ఇటుకముక్కలు పేర్చాడు. ఇసుకా సిమెంటూ కలిపి, కింది మెట్టు నుంచి పైదాకా జానెడు వెడల్పున వాలు పోశాడు. చక్రం జారకుండా నడుమ సన్నటి గాడి తీశాడు. ఎడమచెయ్యి లాగేస్తుంటే రెండుసార్లు కూర్చుని లేచాడు. పొద్దువాలేసరికి పని పూర్తయింది. గోనెపట్టాలు తడిపి కప్పాడు.

బజారునుంచి తిరిగొస్తున్న బంగార్రాజు నోరు తెరుచుకుని చూశాడు.

“మూడు రోజులు దీనిమీద ఎవర్నీ ఎక్కనివ్వకు. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లాలి,” అన్నాడు సైఫుల్లా.

ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, నడుం వాల్చాడు. తెల్లారి చెల్లెలు ఆమినా బీ చాయ్ తెచ్చి పిలిస్తే పలకలేదు.

కబరస్తాన్ కాలవ అవతల ఉంది. అతన్ని మోసేవాళ్ళు మెట్లమీద ఒక పక్కకి ఒదిగి, పచ్చి సిమెంటుకి కాలు తగలకుండా ఎక్కారు. వెనక గోవర్ధనరావు వచ్చాడు. వాలు దగ్గర ఆగాడు.

“ఎవరడిగితే పోశాడు?”

బంగార్రాజు కాలవలోంచి బిందెడు నీళ్ళు ముంచుకొచ్చి చల్లుతున్నాడు. గోవర్ధనరావు కాసేపు చూశాడు. పంచె ఎత్తిపట్టుకుని, రెండో పక్కనుంచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నీళ్ళు గోనెపట్టాల్లోంచి ఒక్కో మెట్టే దిగుతున్నాయి. గాలికి లేవకుండా సైఫుల్లా పెట్టిన ఇటుకముక్కలు పట్టాల అంచుల మీద ఎక్కడివక్కడే ఉన్నాయి.