ఎవరి మంద ఎవరిని తాకింది

యాభై రెండేళ్ళు నిండి, మనవరాలు పుట్టినా ఆమె ఆ ఇంటికి చిన్నకోడలే. కంచెకు అవతల ఉన్నది పెద్దకోడలు. ఇద్దరి భర్తలూ, పెద్దాయనా చిన్నాయనా, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు. ఆరేళ్ళ కిందట కంచె గుంజలు మూడడుగులు ఇటు పాతారా అటు పాతారా అన్న దగ్గర మొదలైన తగాదా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేదాకా వచ్చింది. పాల మందలున్న ఇళ్ళు కాబట్టి పచ్చగడ్డికి మాత్రం ఏ లోటూ లేదు. అన్న దారిలో ఎదురైతే తమ్ముడు ఆకాశం వంక చూసేవాడు, అక్కడేదో అర్జెంటు పని ఉన్నట్టు.

ఆ గురువారం పొద్దున్నే పశువుల డాక్టరమ్మ చిన్నాయన కొట్టం ముందు జీపు ఆపి, అట్టకు బిగించిన కాగితాలతో దిగింది. పెద్దాయన అమ్మిన ఆవొకటి చేతులు మారి కబేళాకు చేరిందట. అక్కడ తనిఖీ అధికారికి దాని ఊపిరితిత్తుల్లో క్షయ గడ్డలు కనిపించాయి. చెవి బిళ్ళ మీది నంబరు పట్టుకుని వెనక్కి వస్తే పెద్దాయన మంద తేలింది. పరీక్ష చేస్తే ఇరవై రెండింటిలో నాలుగింటికి జబ్బు ఉందని తెలిసింది. ఆ నాలుగింటిలో ఆంబోతు ఒకటి.

"ఇప్పుడు ఆ మంద ఏ మందల్ని తాకిందో వెతుకుతున్నాం. ఈ రెండేళ్ళలో మీ పశువులు వాటితో ఎక్కడైనా కలిశాయా? మేత దగ్గర, నీళ్ళ దగ్గర, ఎక్కడైనా సరే" అంది డాక్టరమ్మ.

"కలవడమా! వాళ్ళ దోమ కూడా మా గోడ దాటి రాదు. ఆ మొహాలు చూసి ఆరేళ్ళయింది. సున్నా అని రాసుకోండి" అన్నాడు చిన్నాయన, అదేదో పతకం గెలిచినట్టు.

సున్నా అయితే పరీక్ష అక్కర్లేదు, పాలబండి రేపు మామూలుగానే వస్తుంది. కలిశాయంటే ఫలితం తేలేదాకా చుక్క పాలు బయటికి పోవు, జబ్బున్న పశువు మందలో మిగలదు.

పక్కనే పేడ ఎత్తుతున్న చిన్నకోడలు తట్ట కింద పెట్టింది. సంగతేమిటంటే, మాటలు లేనిది మగవాళ్ళకే. వారానికోసారి చిన్నాయన దాణా కోసం బస్తీకి వెళ్ళగానే, ఎదకొచ్చిన ఆవును వెనక దారిన పెద్దకోడలి ఆంబోతు దగ్గరికి తోలుకెళ్ళడం ఆరేళ్ళుగా గుట్టుగా సాగుతున్న వ్యవహారం. మొగుడితో మాత్రం "చూలు కట్టే సూది వేయించాను" అనేది. పుట్టిన ప్రతి దూడకూ నొసట తెల్లమచ్చ, అచ్చం ఆ ఆంబోతుకు ఉన్నట్టే. చిన్నాయన వాటిని నిమిరి "ఈ సూది భలే మంచిదే" అని మురిసిపోయేవాడు, పాపం.

నోరు విప్పితే గుట్టు రట్టవుతుంది. విప్పకుండా ఊరుకుందామనే అనుకుంది కూడా, అబద్ధమెందుకు. సరిగ్గా అప్పుడే నాలుగేళ్ళ మనవరాలు గ్లాసు పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. పొదుగు దగ్గర నిలబడి నురగ పాలు అక్కడికక్కడే పచ్చిగా తాగడం దాని అలవాటు. ఆ అలవాటు చేసింది ఈ నానమ్మే.

"డాక్టరుగారూ, ఈ జబ్బు పచ్చిపాలతో పిల్లలకి అంటుకుంటుందా?"

"పశువుకి ఉంటే, అంటుకోవచ్చమ్మా."

చిన్నకోడలు మనవరాలి చేతిలోంచి గ్లాసు లాక్కుంది. "అయితే ఆ సున్నా కొట్టేయండి. కలిశాయి."

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాడు చిన్నాయన.

"మన తెల్లమచ్చ దూడలన్నీ బావగారి ఆంబోతువేనండీ. సూదీ లేదు, గీదీ లేదు. ఈ రెండేళ్ళలోనే తొమ్మిదిసార్లు తోలుకెళ్ళాను."

చిన్నాయన మొహం కందగడ్డ అయింది.

"ఇంకేమన్నా ఉందామ్మా?" అని డాక్టరమ్మ చిన్నకోడలిని అడిగింది. జవాబు మాత్రం అటునుంచి వచ్చింది.

"నీళ్ళ తొట్టి" అన్నాడు చిన్నాయన నేల చూపులు చూస్తూ. "పోయిన ఎండాకాలం వాళ్ళ మోటారు కాలిపోయింది. నువ్వు మీ చెల్లెలింట్లో ఉన్నావు చూడు, ఆ పది రోజులూ వాళ్ళ మంద మన తొట్టిలోనే తాగింది."

"బావగారితో మాట్లాడారా!"

"ఎందుకు మాట్లాడతాను? గేటు తీసి లోపలికెళ్ళి కూర్చునేవాణ్ణి. తోలుకొచ్చేవాళ్ళు, తోలుకెళ్ళేవాళ్ళు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ఇంకో కాగితం తీసింది. మొదటి దాంట్లో చోటు చాల్లేదు.

ఆ పూటే పదిహేడు పశువుల మెడల మీదా కాస్త వెంట్రుకలు గొరిగి, చర్మం మడత మందం కొలిచి, సూది మందు వేసింది. మూడో రోజుకు అక్కడ బాగా వాచిందంటే జబ్బు ఉన్నట్టు.

ఆ మూడు రోజులూ చిన్నకోడలికి కంటి మీద కునుకు లేదు. మనవరాలు దగ్గితే చాలు, లేచి దాని నుదురు ముట్టి చూసేది. చేజేతులా పసిదానికి విషం పోశానేమోనని కుమిలిపోయింది. చిన్నాయన ఆమెను ఒక్క మాట అనలేదు. అనడానికి ఆయన మాత్రం ఏం మిగుల్చుకున్నాడు గనక!

ఆదివారం డాక్టరమ్మ వచ్చి ఒక్కొక్క మెడే కొలవసాగింది. "లేదు" అంటే చిన్నాయన ఒక ఆవును వదిలేవాడు. పదహారు లేదులయ్యాయి. చివర మిగిలింది మొండిది, ఆంబోతు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చిన ఆవు. దాని మెడ మీద చిన్న బొడిపె ఉంది. డాక్టరమ్మ కొలిచింది. మళ్ళీ కొలిచింది. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచింది. చిన్నకోడలు గుంజను పట్టుకుని నిలబడింది.

"రెండు మిల్లీమీటర్లు కూడా పెరగలేదు. ఇది లెక్కలోకి రాదు" అంది డాక్టరమ్మ చివరికి. "ఒక్కదానికీ లేదమ్మా."

చిన్నకోడలు ఉన్నపళంగా గడ్డిలో కూలబడి బావురుమంది. "మా పాపకి?"

"ఆవులకి లేని జబ్బు పాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక నుంచి మాత్రం కాచి ఇవ్వండి."

ఆమె మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని, అది ఊపిరాడక గింజుకునేదాకా వదల్లేదు. మూడు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయి, ఏడుపులోనే నవ్వొచ్చింది.

"రెండు నెలలకి మళ్ళీ పరీక్ష చేస్తాను. అప్పటిదాకా ఆ మందా ఈ మందా కలవకూడదు" అంది డాక్టరమ్మ సంతకం పెడుతూ.

చిన్నాయన కంచె అవతలికి చూశాడు. జబ్బు తేలిన ఆ నాలుగు పశువుల్నీ నిన్ననే బండెక్కించి తీసుకెళ్ళారు. "కలవకూడనిది పశువులేగా?" అన్నాడు. "మనుషులు వెళ్ళొచ్చా?"

"బూట్లు మందునీళ్ళలో కడుక్కుని వెళ్ళండి. వచ్చాక మళ్ళీ కడుక్కోండి."

ఆయన బకెట్టు తెచ్చుకుని కడగడం మొదలెట్టాడు. కడుగుతూనే ఉన్నాడు.

"తోలు ఊడేదాకా కడుగుతారా ఏంటి?" అంది చిన్నకోడలు.

"వెళ్ళి ఏం మాట్లాడను?"

"ముందు ఎన్ని పశువులు మిగిలాయో అడగండి. తర్వాత మాటలు అవే వస్తాయి."

ఆయన బుద్ధిగా తలూపి బయల్దేరాడు. ఆమె కొట్టంలో నిలబడి చెవులు రిక్కించింది. అవతల తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత చిన్నాయన గొంతు వినిపించింది. నేర్పి పంపిన ప్రశ్న ఆయన అడగనే లేదు.

"అన్నయ్యా, పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?"