గురమ్మ చెప్పని మాట

దుప్పట్లు నానబెట్టిన తొట్టిలో దిగి తొక్కుతోంది గురమ్మ. చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుంది. మడమల పగుళ్ళలోకి సబ్బునీళ్ళు దిగి చురుక్కుమంటున్నాయి. ఇనుపరాయి మోసే గూడ్సుబళ్ళ డ్రైవర్లు కప్పుకునే దుప్పట్లవి. ఎంత తొక్కినా ఎర్రనీళ్ళు ఊరుతూనే ఉంటాయి. బస్తర్‌లో కిరండూల్ రైలు లైను మీది ఓ గనుల ఊళ్ళో, డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో ఆమెకు ఇదే ఆఖరి రోజు. సాయంత్రం బండికి బొబ్బిలిలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతోంది.

గేటు దగ్గర దేవరాజు నిలబడి ఉన్నాడు, తలమీద చిన్న గుండ్రటి టోపీతో. ఆమె చూసింది. చూడనట్టే తొక్కింది.

దేవరాజు ఒకప్పుడు ఈ వార్డుకు పార్షద్, అంటే కౌన్సిలర్. స్టేషను బయటి పాకలు పీకించిన రోజున బుల్డోజర్ పక్కన గొడుగు వేసుకుని నిలబడ్డాడు. వాటిలో గురమ్మ ఇడ్లీల పాక ఒకటి. లోపల మొగుడు పైడయ్య జ్వరంతో మూలుగుతున్నాడు. ఒక్క పూట ఆగమని ఆమె కాళ్ళు పట్టుకుంది. అతను కాళ్ళు వెనక్కి లాక్కుని గడియారం చూసుకున్నాడు. పైడయ్యను మంచంతో సహా తెచ్చి వానలో పెట్టారు. అతను ఆ వారం దాటలేదు.

తర్వాత దేవరాజు ఎన్నికల్లో ఓడిపోయాడు. తల్లి వైపు వాళ్ళు కోస్తాలో తెలుగు మాట్లాడే యూదులట. గెలిచినన్నాళ్ళూ ఆ ఊసెత్తనివాడు ఓడాక ప్రార్థనలు నేర్చుకున్నాడు. ఒక యూదు సేవాసంస్థకు బస్తర్ పెద్ద అయ్యాడు. మారుమూల పామేడు దాకా బైకు మీద పోయి దోమతెరలు పంచాడు. అడవి భూముల పట్టాల కోసం ఆవపల్లి రైతులతో కలిసి ఆఫీసుల మెట్లెక్కాడు. అక్కడివాళ్ళు అతణ్ణి దేవుడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా గురమ్మకు ఒళ్ళు మండుతుంది. అతనిది దొంగవేషమైనా బాగుండేది. నిజంగానే మారాడని ఆమెకు తెలుసు. అదే ఆమె కడుపుమంట.

సంస్థలో పనిచేసే కరుణశ్రీ, రైల్వే క్వార్టర్ల పిల్ల, తొట్టి దగ్గరికొచ్చింది.

"అత్తా, ఈ సాయంత్రం నుంచి దేవరాజుగారికి ఉపవాసం. దేవుడి ముందు పాపాలు ఒప్పుకునే రోజంట. కానీ మనిషికి చేసిన తప్పు ఆ మనిషే మాఫీ చెయ్యాలంట."

"ఓసారొచ్చినాడు, పొమ్మన్నాను. మల్లొచ్చినాడు, నీల్లు ఇసిరికొట్టినాను. ఇంకేటి?"

"ఇది మూడోసారి. ఇప్పుడు కూడా కాదన్నావనుకో, ఇంక ఆయన అడగక్కర్లేదంట, బాధ్యత తీరిపోద్దంట. నీ నోటెంట మాటైతే రావాల. ఔననో కాదనో ఒకటి అనెయ్యి, ఆయన పొద్దుగూకేలోగా ఇంటికెళ్ళి నాలుగు మెతుకులు తింటారు."

పిల్ల మంచికే చెప్పింది. గురమ్మ కాళ్ళు నీళ్ళలో ఆగిపోయాయి. ఔనన్నా అతను గట్టెక్కుతాడు, కాదన్నా గట్టెక్కుతాడు. కాసేపటికి మళ్ళీ తొక్కసాగింది, ఈసారి హుషారుగా.

దేవరాజు వరండాలోకి వచ్చి బల్లమీద కూర్చున్నాడు. గురమ్మ తడిగుడ్డతో అక్కడ నేల తుడుస్తోంది.

"గురమ్మగారూ, పైడయ్య చావుకు నేనే కారణం. నిలబడి చూశాను. నన్ను క్షమిస్తారా?"

"కాల్లెత్తు బావు, తుడవాల."

అతను కాళ్ళెత్తాడు. బల్లకింద శుభ్రంగా తుడిచి ముందుకు జరిగింది. మళ్ళీ అడిగాడు. వంటగదిలోంచి చారు పోపు చిటపటలు వినిపించాయి.

డ్రైవర్లతో పాటు అతనికీ కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, పప్పు వేసింది.

"నాకు అన్నం వద్దమ్మా, మాట కావాలి."

"సారు పొయ్యనా? సల్లారిపోతాది."

అతను ముద్ద ముట్టలేదు. గురమ్మ మాత్రం వంటగది గుమ్మంలో కూర్చుని రెండోసారి కూడా వడ్డించుకుంది. పైడయ్య పోయాక ఇంత ఆకలిగా ఆమె ఎన్నడూ తినలేదు.

స్టేషనుకు ఆమె రేకుపెట్టె అతనే మోశాడు. ఆమె వద్దనలేదు. కరుణశ్రీ వెనకే వచ్చింది. కిటికీ పక్కన కూర్చుంది. అతను ఊచలు పట్టుకున్నాడు. గడ్డం మీద చెమటో కన్నీళ్ళో తెలియడం లేదు.

"తిట్టండమ్మా. పొమ్మనండి. ఏదో ఒకటనండి."

బండి కూత వేసింది. ఆ ముఖం చూస్తుంటే గురమ్మ గొంతులోకి ఒక మాట వచ్చింది. ఔనో కాదో ఆమెకే తెలియదు. అది బయటికొస్తే పైడయ్య కోసం తన దగ్గర ఇంకేమీ మిగలదని భయమేసింది. మింగేసింది. బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"మర్సిపోనాను బావు. దుప్పట్ల బీరువాది. ఇంచార్జికి ఇచ్చెయ్యి."

బండి కదిలింది. కరుణశ్రీ ఏదో అరుస్తోంది, వినబడలేదు. గురమ్మ తల తిప్పి, కనబడినంతసేపూ చూసింది. కొండల మీద పొద్దు వాలుతోంది. చాచిన చెయ్యి అలాగే ఉంది. అందులో పసుపుతాడు కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి.